బ్లూ-రేని గెలిపించడానికి సోనీ ప్లేస్టేషన్ 3ని బలిపెట్టిందా?

ఏడురోడ్ల_సుబ్బు (కడప)

డీవీడీ తర్వాత హెచ్‌డీ సినిమాలకు ఏ డిస్కు నిలవాలని తోషిబా హెచ్‌డీ డీవీడీకీ, సోనీ పక్షాన ఉన్న బ్లూ-రేకీ మధ్య నడిచిన గొడవ గురించి ఎక్కడ మాటొచ్చినా చివరికి అందరూ అనేది ఒకటే: సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 3 పుణ్యమా అని బ్లూ-రే గెలిచింది, సోనీ బుర్రే బుర్ర అని. మొదటి సగం నేనూ ఒప్పుకుంటా. రెండో సగం దగ్గరే నాకు పేచీ.

2006లో ఏం జరిగిందో చూడండి. తోషిబా మార్చిలోనే జపాన్‌లో హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ దించింది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ పక్షమే. అయినా తన గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ 360లో ఆ డ్రైవ్ పెట్టలేదు. మామూలు డీవీడీ డ్రైవ్‌తోనే 2005 నవంబర్‌లో అమ్మకాలు మొదలుపెట్టి, సినిమా పిచ్చి ఉన్నవాళ్లు కొనుక్కోండని ఏడాది తర్వాత 199 డాలర్లకు డ్రైవ్ విడిగా ఇచ్చింది. సోనీ అలా కాదు. నీకు కావాలా వద్దా అని అడక్కుండా ప్రతి మెషీన్‌లోనూ బ్లూ-రే పెట్టేసింది.

దాంతో అమెరికాలో 60 జీబీ మోడల్ ధర 599 డాలర్లు అయి కూర్చుంది. ఐసప్లై అనే మార్కెట్ పరిశోధన సంస్థ వాళ్లు మెషీన్ విప్పి లెక్కేస్తే తయారీ ఖర్చే దాదాపు 840 డాలర్లని తేలింది. అంటే అమ్మిన ప్రతిదాని మీదా నష్టమే. పైగా బ్లూ-రే డిస్కును చదివే నీలి లేజర్ డయోడ్లు సరిపోక యూరప్ విడుదల 2007 మార్చికి జరిగింది. మన దేశంలో ఏప్రిల్‌లో వచ్చింది, 39,990 రూపాయలు! ఇంకాస్త వేస్తే షోరూం నుంచి బండి తెచ్చుకునే రోజులవి. మా కడపలో ఏ ఇంట్లో నాన్నను అడిగినా ఏం జవాబు వస్తుందో చెప్పక్కర్లేదు.

ప్లేస్టేషన్ 2 అమ్ముడైంది 15 కోట్ల పైచిలుకు. ప్లేస్టేషన్ 3 దాదాపు 8.7 కోట్లు. సినిమా డిస్కు యుద్ధం గెలవడానికి గేమ్ ఆడేవాడి జేబు ఖాళీ చేశారు. కాదనేవాళ్లు చెప్పండి.

బురుజు_నీడ (కర్నూలు)

సుబ్బూ, నువ్వు స్టూడియోలను పూర్తిగా వదిలేశావు. 2007 ఆగస్టులో పారమౌంట్, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ రెండూ బ్లూ-రేని వదిలి హెచ్‌డీ డీవీడీ ఒక్కదానికే మారాయి. యూనివర్సల్ మొదటి నుంచీ అక్కడే ఉంది. ఆ నవంబర్‌లో వాల్‌మార్ట్ తోషిబా ప్లేయర్‌ను 100 డాలర్ల లోపే అమ్మింది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి ఏడాది. అదే గెలిపించేదైతే ఆ ఏడాదిలోనే కథ ముగియాలి కదా? 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ ఇకపై బ్లూ-రే మాత్రమే అంది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ వరసగా అటే వెళ్లాయి. ఫిబ్రవరి 19న తోషిబా దుకాణం కట్టేసింది. వేటు వేసింది వార్నర్.

ఇక డిస్కు సంగతి. మాది వీడియో లైబ్రరీ కుటుంబం, అద్దెకిచ్చేవాడి కళ్లతో చెప్తున్నా. రెండింటికీ లేజర్ ఒకటే, 405 నానోమీటర్లది. తేడా అంతా లెన్సులోనూ, డేటా పొర ఎంత లోతులో ఉందనే దాంట్లోనూ ఉంది. హెచ్‌డీ డీవీడీలో పొర మామూలు డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. అందుకే పాత డీవీడీ ఫ్యాక్టరీలోనే కొద్ది మార్పులతో అచ్చేయొచ్చు. బ్లూ-రేలో పొర పైకి 0.1 మిల్లీమీటర్ దగ్గరికి వచ్చేసింది. దాని వల్ల ఒక్కో పొరలో 15 జీబీ బదులు 25 జీబీ పడుతుంది, నిజమే. కానీ గీతలకు భయపడి పైన గట్టి పూత వేయాల్సి వచ్చింది. ఖర్చు పెంచుకుని, దానికి మళ్లీ మందు వెతుక్కున్నారు.

గీతల గురించి ఊరికే చెప్పట్లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు షాపులో నడుం దాకా నీళ్లు. క్యాసెట్లన్నీ పోయాయి. టేపు చుట్టలోకి బురద దూరాక చేసేదేం లేదు. డిస్కులు మాత్రం బకెట్‌లో సబ్బు నీళ్లు కలిపి ఒక్కొక్కటే కడిగాం. గుండ్రంగా రుద్దితే గీత డేటా వెంబడే పోతుందని మధ్య నుంచి అంచుకు తుడవమనేవాడు మా చిన్నాన్న. తర్వాత తాడుకు గుచ్చి మిద్దె మీద నీడలో కట్టాం. చాలావరకు ఆడాయి. స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు కొట్టుకుపోయాయి కాబట్టి ఏది ఏ సినిమానో పెట్టి చూస్తే తప్ప తెలియలేదు, అది వేరే సంగతి.

అసలు మా దగ్గరికి ఎవరైనా వచ్చి బ్లూ-రే ఉందా అని అడిగితే కదా! 2007లో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అద్దె బేరమే పడిపోయింది. మా మీద దెబ్బ కొట్టింది సోనీ కాదు, తోషిబా కాదు.

సీమ_గేమర్ (అనంతపురం)

సుబ్బన్నా, నీ లెక్కలో ఒక ముక్క దాచిపెట్టినావు. ఎక్స్‌బాక్స్ 360 దాదాపు 8.4 కోట్లు. ఏడాది ఆలస్యంగా వచ్చి, ధర ఎక్కువై కూడా ప్లేస్టేషన్ 3 చివరికి దాన్ని దాటింది. బలి ఏందప్పా ఇందులో?

డ్రైవ్ గేమర్లకు పనికిరాలేదన్నట్టు రాసినావు. డీవీడీలో రెండు పొరలు కలిపి 8.5 జీబీ, బ్లూ-రేలో 50. ఫైనల్ ఫాంటసీ 13 ప్లేస్టేషన్‌కు ఒకే డిస్కు, 360కి మూడు డీవీడీలు. ఇంకోటి, 360లో రెడ్ రింగ్ గొడవ, అంటే మెషీన్ పాడైతే ముందువైపు ఎర్ర లైట్లు వెలగడం. వేడికి మెషీన్లు పోతుంటే 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీ మూడేళ్లకు పెంచి, 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. అమెరికాలోనే అట్లుంటే మన అనంతపురం ఎండకు, మే నెలలో, కరెంటు వచ్చి పోతుంటే ఎట్లుంటుందో ఆలోచించు.

ప్లేస్టేషన్ 3కి తలనొప్పి తెచ్చింది దాని లోపలి ప్రధాన చిప్, సెల్ ప్రాసెసర్. దానికి గేమ్ రాయడం డెవలపర్లకు నరకం. తప్పంతా పాపం బ్లూ-రే మీదికి నెట్టేస్తే ఎట్లా?

మన ఊళ్లలో అది నడవకపోవడానికి కారణం మాత్రం వేరే. గేమ్ షాపుల్లో అన్నీ కాపీ డిస్కులు ఆడేలా చిప్ వేసిన ప్లేస్టేషన్ 2లే. బెంగళూరుకు పోయి కాపీ డిస్కులు కట్టకట్టగా తెచ్చి గంట లెక్కన ఆడించేవాళ్లు. ప్లేస్టేషన్ 3లో కాపీలను ఆపే తాళాన్ని ఏళ్ల తరబడి ఎవరూ విరగ్గొట్టలేకపోయారు. ఒరిజినల్ గేమ్ కొని పిల్లోళ్ల దగ్గర గంటకు చిల్లర వసూలు చేస్తే గిట్టుబాటు ఎక్కడ?

ఏడురోడ్ల_సుబ్బు (కడప)

గేమర్, చివరికి దాటింది అంటున్నావు. ఎప్పుడు ఊపందుకుందో కూడా చెప్పు. 2009లో స్లిమ్ మోడల్ 299 డాలర్లకు దిగాక! బ్లూ-రే యుద్ధం 2008 ఫిబ్రవరిలోనే ముగిసింది. అంటే యుద్ధం నడిచినన్నాళ్లూ భారం మోసింది 599 పెట్టి కొన్నవాళ్లే. సరిగ్గా నేను అన్నదే.

స్థలం సంగతికొస్తే, 50 జీబీ ఉంది సరే, చదివే వేగమో? ఆ డ్రైవ్ సెకనుకు 9 మెగాబైట్లు. 360లోని డీవీడీ డ్రైవ్ డిస్కు అంచు దగ్గర దాదాపు 16 దాకా లాగేది. అందుకే కొన్ని గేమ్‌లు హార్డ్ డిస్కులోకి ఎక్కేదాకా ఆట మొదలుకాదు. డిస్కు పెట్టి, టీ తాగి వచ్చినా తెర మీద లోడింగ్ గీత ఇంకా సగంలోనే ఉండేది.

బురుజన్నా, వార్నర్ ఊరికే అటు దూకలేదు. డిస్కులు ఎటు ఎక్కువ అమ్ముడవుతున్నాయో చూసి దూకింది. ఆ డిస్కులు ఆడించే యంత్రాల్లో ఎక్కువ భాగం ప్లేస్టేషన్ 3లే. మీ మాట తిరిగి నా దగ్గరికే వస్తోంది.

ప్రొద్దుటూరు_టు_డల్లాస్

మీ వాదనలు బాగున్నాయి గానీ ఎవరూ రీజియన్ కోడ్ ఎత్తలేదు, అదే, ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు మెషీన్‌లో ఆడకుండా పెట్టే తాళం. ఇక్కడి బ్లూ-రేలు ఏ, మన దేశానికి సీ. మా మేనల్లుడి కోసం ఒకసారి ఇక్కడి నుంచి గేమ్‌లు, సినిమాలు కలిపి పట్టుకెళ్లా. గేమ్‌లకు రీజియన్ తాళం లేదు, పెట్టగానే ఆడాయి. సినిమా పెడితే ఈ ప్రాంతానిది కాదని తెర మీద పడింది. "మామా, ఒకే మెషీన్, ఒకే రకం డిస్కు, ఇదేంది?" అన్నాడు వాడు. ఏం చెప్పాలి? హెచ్‌డీ డీవీడీకి అసలు రీజియన్ కోడే లేదు. కొనేవాడికి మేలైంది ఓడిపోయింది అనిపించేది నాకైతే అక్కడే.

సీమ_గేమర్ (అనంతపురం)

అన్నా, రీజియన్ కోడ్ లేకపోతే స్టూడియోలకు నచ్చుతుందా? అమెరికాలో డిస్కు వచ్చే నాటికి ఇంకో దేశంలో ఆ సినిమా హాల్లోకే రాకపోవచ్చు. వాళ్లు బ్లూ-రే వైపు మొగ్గడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

బురుజు_నీడ (కర్నూలు)

సుబ్బూ, నీ వాదనలో నాకు పనికొచ్చే ముక్క ఒకటే: సినిమా పేరు చెప్పి గేమర్ మీద ఖర్చు రుద్దడం. ఆ పాఠం సోనీకి బాగానే ఎక్కినట్టుంది. 2016లో 4కే బ్లూ-రే వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ దాన్ని ఆడించింది. అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రో ఆడించలేదు, బ్లూ-రే కనిపెట్టిన కంపెనీల్లో ఒకటైన సోనీ సొంత మెషీన్ అది! 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రో అయితే అసలు డ్రైవే లేకుండా వచ్చింది. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2006లో మైక్రోసాఫ్ట్ చేసింది కూడా అదే కదా.

ఏడురోడ్ల_సుబ్బు (కడప)

అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! గేమర్, ఇప్పుడు చెప్పు.

సీమ_గేమర్ (అనంతపురం)

చెప్తా. ఆ ప్రోకి డ్రైవ్ విడిగా కొన్నోళ్లను అడుగు, మొత్తం ఎంతైందో. 2006లో 599కి డ్రైవ్ కూడా కలిపే ఇచ్చినారు. నువ్వు దాన్ని దోపిడీ అంటివి.