సండే స్కూల్ పిల్లలకు కీర్తనల చరణాలు గుర్తుండట్లేదు, ఎలా నేర్పాలి?

అందరికీ వందనాలు. మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె. మా చర్చిలో 6 నుంచి 11 ఏళ్ల పిల్లలు 14 మందికి ఆదివారం ఉదయం 8:30 నుంచి 9:10 వరకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్పిస్తున్నాను. పల్లవి ఒక్క వారంలోనే వచ్చేస్తుంది. చరణాలే మరుసటి ఆదివారానికి మరచిపోతున్నారు. మూడు నెలల్లో పూర్తిగా వచ్చిన కీర్తనలు రెండే.

చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించాను. ఎక్కువమంది ఇంగ్లీష్ మీడియం, ఒత్తులు దాటి చదవలేరు. పాట రికార్డు చేసి తల్లుల ఫోన్లకు పంపాను, ఇద్దరు ముగ్గురే వినిపించారు. ఆది తాళం కీర్తనకు చేత్తో తాళం వేయించాను. లయ బాగా పట్టుబడింది, మాటలు మాత్రం నిలవలేదు.

అసలు చిక్కు భాష దగ్గరే అనుకుంటున్నాను. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు 19వ శతాబ్దపు తెలుగు. మొన్న ఒక పాప 'రక్షకా' అనాల్సిన చోట కళ్లు మూసుకుని, ఎంతో భక్తిగా 'రాక్షసా' అని పాడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. చదువు రాని మా అవ్వ ఈ పాటలన్నీ నోటికే పాడేది, ప్రతి మాటకూ అర్థం చెప్పేది. ఈ పిల్లలకూ ఆ విశ్వాసం పాటతోనే అందాలని నా ఆశ. అందుకే తేలిక పాటలకు మారిపోవడం ఇష్టం లేదు.

ఈ వయసు పిల్లలకు పాత కీర్తనలు నేర్పినవాళ్లు చెప్పండి: వారానికి 40 నిమిషాల్లో, చరణం గుర్తుండాలంటే ముందు అర్థం చెప్పాలా, రాగం పట్టించాలా?