కొత్త పికప్ వెనక ట్రైలర్: హైదరాబాద్ నుంచి లాగొచ్చా, వద్దా?

ఉప్పల్ పికప్

అందరికీ నమస్తే. ఆర్నెల్ల కింద డబుల్ క్యాబ్ డీజిల్ పికప్ తీసుకున్నాను. ఇంట్లో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, టెంటులో నేల మీద పడుకుంటే తెల్లారి లేవలేదు. అందుకని ఒక వర్క్‌షాపులో 14 అడుగుల ట్రైలర్ చేయించాను. ఒకటే యాక్సిల్, అంటే ఇరుసు. లోపల మంచాలు, వెనక చిన్న వంటగది, దాని కింద 100 లీటర్ల నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, ఇన్వర్టర్.

పోయిన ఆదివారం ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ వైపు వెళ్లాం. ఎడమ లేన్‌లో 80 మీద ఉన్నాను. ఒక బస్సు కుడి పక్కగా దాటింది. అది దాటుతుండగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఒక ఊపు, రెండో ఊపు ఇంకా పెద్దది, మూడోదానికి పికప్ వెనక భాగం కూడా జరిగింది. యాక్సిలరేటర్ మీద కాలు తీసేశాను, అదే ఆగింది. అమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుని బొంగుళూరు దాకా వదల్లేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు మాటలు. ఆవిడేమో ట్రైలర్ అమ్మేసి పికప్ తొట్టిలోనే పరుపు వేద్దాం అంటుంది. బావమరిదేమో ఇంజిన్‌కి బోలెడు శక్తి ఉంది, అలవాటైతే అదే వస్తుంది అంటాడు. మన రోడ్ల మీద అసలు ఇది లాగాల్సిన వస్తువేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్గొండ రోడ్డు

అన్నా, నేను సూటిగా చెబుతాను, అమ్మేయండి. ఇరవై ఏళ్లుగా డ్రైవింగే నా బతుకు. మనకు రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరుంటది, రాంగ్ సైడులో బైకుంటది, డివైడర్ సందులోంచి ఆటో వస్తది. వెనక 14 అడుగులు తగిలించుకుని యూటర్న్ తీసుకునే చోటెక్కడిది? శ్రీశైలం పోదామంటే మన్ననూర్ అడవి గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తరు. ఆలస్యమైతే ఆ ట్రైలర్‌తో అక్కడే వెనక్కి తిప్పాలి. ఆ పైన దోమలపెంట దాటినంక ఘాట్. ఆ మలుపుల్లో ఎదురుగా ఆర్టీసీ బస్సొస్తే ఎవరు రివర్స్ తీయాలి? మీ అమ్మగారి సంగతి అర్థమైంది. ఆ డబ్బుతో మంచి గది తీసుకోండి, ఆమె హాయిగా పడుకుంటది.

ఒకప్పటి డాలస్

పైన అన్న మాట కొట్టిపారెయ్యను, కానీ అది రెండో ప్రశ్న. ఔటర్ మీద స్పీడ్ బ్రేకరూ లేదు, రాంగ్ సైడు బైకూ లేదు. 158 కిలోమీటర్ల ఆ రింగులో అంత సాఫీ రోడ్డు మీదే ట్రైలర్ ఊగిందంటే లోపం రోడ్డుది కాదు.

నేను టెక్సస్‌లో పదకొండేళ్లున్నాను. అక్కడా కొత్త ట్రక్కు కొన్న ప్రతివాడూ ముందు బ్రోచర్‌లో లాగే శక్తే చూస్తాడు. నేనూ అంతే చేశాను. ఐదు టన్నులు లాగుతుందని రాసుంటే, మూడున్నర టన్నుల ట్రైలర్ దానికి ఒక లెక్కా అనుకున్నాను. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు అంచు స్టిక్కరుంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అందులో రాస్తారు. నా ట్రక్కుకి అది 680 కిలోలు. ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద మోపే బరువు 450, ట్రైలర్ తగిలించే హిచ్ ఇనుము 45, మేం నలుగురం 270. ఎంతయింది? 765. ఇంకా సామాను పెట్టనే లేదు. లాగే బలం ఐదు టన్నులున్నా మోసే బలం అప్పటికే అయిపోయింది. ఆ సంగతి ట్రైలర్ కొన్నాక తెలిసింది.

అందుకని తమ్ముడూ, ఇంజిన్ శక్తి గురించి మీ బావమరిది చెప్పింది నిజమే గానీ మీ ప్రశ్నకు అది జవాబు కాదు. ముందు మీ ముక్కు బరువు ఎంతో చెప్పండి.

ఆటోనగర్ ఫిట్టర్

సార్, మీరు రాసిన మొదటి పేరాలోనే జవాబుంది. వంటగది వెనక, ట్యాంకు వెనక, బ్యాటరీ వెనక. యాక్సిల్ వెనక బరువంతా పేర్చి ముందు మంచాలు పెట్టారు.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక ఎక్కువ వేస్తే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు, మెడ తాళ్లు బిగుస్తాయి. ముందు ఎక్కువ వేస్తే ఎద్దు మెడ వంగిపోతుంది. మా నాయన గడ్డి వేస్తూ వేస్తూ మధ్యలో కాడి ఎత్తి చూసేవాడు. మనం చెయ్యాల్సిందీ అదే, కాకపోతే కాటా మీద.

మీ దగ్గర్లో లారీలు తూచే వే బ్రిడ్జి ఏదున్నా సరే, ఇట్లా మూడుసార్లు తూయించండి. ట్యాంకు నింపి, సామాను పెట్టి, ఇంట్లోవాళ్లందరూ కూర్చుని వెళ్లండి. మొదటిసారి ఒక్క పికప్. రెండోసారి ట్రైలర్ తగిలించి పికప్ చక్రాలు మాత్రం కాటా మీద, ట్రైలర్ చక్రాలు బయట నేల మీద. మూడోసారి మొత్తం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ముక్కు బరువు, మూడోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ మొత్తం బరువు. ఆ మొత్తంలో ముక్కు బరువు పది నుంచి పదిహేను శాతం ఉండాలి. లారీల కాటా పది కిలోలు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక ముక్కు కింద బాత్రూం కాటా పెట్టి ఇంకోసారి చూసుకోండి. ముక్కు, అది కూర్చునే హిచ్ బాల్ (ఇనుప గుండు) ఎత్తులోనే ఉండాలి, ట్రైలర్ సమంగా నిలబడాలి. ముక్కు లేపి తూస్తే తప్పు లెక్క వస్తుంది.

ఇంకొకటి, బ్రేకులున్నాయా దానికి?

ఉప్పల్ పికప్

అన్నా, ఈరోజు పొద్దున్నే వెళ్లొచ్చాను. అమ్మ కూడా వచ్చింది, నేనూ కూర్చుంటేనే కదా లెక్క సరిపోతుంది అంది.

పికప్ ఒక్కటి 2,380. ట్రైలర్ తగిలించి పికప్ చక్రాలు మాత్రం 2,420. మొత్తం 3,440. అంటే ట్రైలర్ 1,060, ముక్కు 40. ఇంట్లో చిన్న కాటా మీద 38 చూపించింది. నాలుగు శాతం కూడా లేదు. ఆర్‌సీలో ఉన్న నిండు బరువుకి పికప్ లోపే ఉంది.

బ్రేకులు లేవు. నేను అడగలేదు, వాళ్లు పెట్టలేదు.

కొండాపూర్ మెకానికల్

ఇక్కడ ఒక్క అభ్యంతరం. ముక్కు బరువు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పది నుంచి పదిహేను శాతం ఉండాల్సిందే అన్నది అమెరికా వాళ్ల లెక్క. యూరప్‌లో చిన్న కార్లు కారవాన్లు లాగుతాయి, బ్రిటన్‌లో చెప్పేది ఐదు నుంచి ఏడు శాతం. అక్కడ చాలా కార్ల హిచ్ బాల్ వంద కిలోల లోపే మోస్తుంది. అయినా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి కదా? శాతం ఒక్కటే పట్టుకుంటే పొరపాటు పడతాం. బరువు ఎక్కడుంది అన్నది కూడా చూడాలి. వెనక వంద కిలోలు అట్లాగే ఉంచి, దాన్ని సరిచెయ్యడానికి ముక్కు మీద ఇంకో వంద పెడితే కాటాలో అంకె బాగుంటుంది. రెండు చివర్లా బరువున్న కర్ర మాత్రం ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆపడం కష్టం. బరువంతా యాక్సిల్ దగ్గరికి రావాలి.

ఒకప్పటి డాలస్

మీ రెండో మాటకు నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. మొదటి మాటకు ఒప్పుకోను. యూరప్‌లో ఐదారు శాతంతో నడుస్తుందంటే అక్కడి కారవాన్ తేలిక, దానికి సొంత బ్రేకులుంటాయి, ఊపు ఆపే హిచ్ ఉంటుంది, ట్రైలర్లకు స్పీడు హద్దు కూడా గట్టిగా పాటిస్తారు. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు అక్కడ బ్రేకు తప్పనిసరి. ఇక్కడ ఈ తమ్ముడిది టన్ను దాటింది, ఒక్క బ్రేకూ లేదు. వాళ్ల పద్ధతిలో మిగతావన్నీ వదిలేసి శాతం ఒక్కటే తెచ్చుకుంటే ఎట్లా?

కొండాపూర్ మెకానికల్

బ్రేకులు లేవన్న మాట చదవకుండానే రాశాను. అయితే పది శాతం వైపే ఉండండి. ఈ ట్రైలర్ విషయంలో మీ మాటే సరి.

నల్గొండ రోడ్డు

బ్రేకుల్లేకుండా టన్నుకు పైగా! అన్నా, అందుకే మొత్తుకుంటున్నది. 60 మీదకన్నా 80 మీద ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటది. అదంతా మీ పికప్ బ్రేకులే మొయ్యాలి. ఘాట్ దిగేటప్పుడు అవి కాగిపోతే? రిజిస్ట్రేషన్ అయిందా దానికి? ట్రైలర్ అంటే చట్టంలో విడిగా ఒక వాహనమే. దాని నంబరు దానికుండాలి, లాగే బండి నంబరు కూడా దాని వెనక కనిపించాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నదిది. ట్రాక్టర్ ట్రాలీలు రోజూ చూస్తుంటం కాబట్టి ఎవరూ పట్టించుకోరు గానీ, యాక్సిడెంట్ అయిననాడు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది ఆ కాగితమే.

ఉప్పల్ పికప్

నంబరు వచ్చింది అన్నా, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. మా ఆవిడ అడిగిన తొట్టిలో పరుపు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ ఫిట్టర్

ఊరికే పరుపు వేసుకుంటే ఏమీ కాదు సార్. దాని మీద గట్టి గది కట్టించి బోల్టులు బిగిస్తే మాత్రం అది మార్పు కిందికి వస్తుంది. చట్టంలో 52వ సెక్షన్. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. పైగా అయిదుగురికి అందులో పడక చాలదు. తొట్టిలోకి ఎక్కడం మీ అమ్మగారి మోకాళ్లకు ఇంకా కష్టం.

బ్రేకుల సంగతికి వస్తే, ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ డ్రమ్ము బ్రేకులు పెట్టించుకోండి, క్యాబిన్‌లో వాటిని నడిపే కంట్రోలర్. ఊగినప్పుడు పికప్ బ్రేకు తొక్కకుండా ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో వెయ్యొచ్చు. వెనక నుంచి పట్టి లాగినట్టు తిన్నగా నిలబడుతుంది. ఆరోజు మీరు బ్రేకు తొక్కకుండా కాలు తీసెయ్యడం చాలా మంచి పని, తొక్కి ఉంటే ఇద్దరం ఇక్కడ మాట్లాడుకునేవాళ్లం కాదేమో. ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకు పట్టే స్విచ్ కూడా అడగండి. గొలుసులు రెండు, ముక్కు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యాలి. హుక్కు జారితే ముక్కు నేలకు తగలకుండా అవే ఊయల్లా పట్టుకుంటాయి.

ట్యాంకును యాక్సిల్‌కి కొంచెం ముందుకు తెండి. అక్కడుంటే నీళ్లు నిండినా ఖాళీ అయినా ముక్కు బరువు పెద్దగా మారదు.

బోడుప్పల్ అక్క

మాకు చిన్న ట్రైలర్ ఉంది, మూడేళ్లుగా లాగుతున్నాం, ఎక్కువగా నేనే నడుపుతాను. రోడ్డు గురించి అందరూ చెప్పారు. ఆపిన తర్వాత జరిగేది ఎవరూ చెప్పలేదు.

అనంతగిరిలో ఒక సాయంత్రం. చీకటి పడుతోంది, పిల్లలకు ఆకలి. నేల చూడ్డానికి సమంగానే ఉంది. నేను హుక్కు విప్పేశాను. చక్రాలకు దిమ్మెలు పెట్టలేదు. ట్రైలర్ నెమ్మదిగా కదిలింది, రెండడుగులు. వెనక మా చిన్నది చెప్పులు వేసుకుంటోంది. మా ఆయన దాన్ని ఎత్తుకుని పక్కకు దూకారు. ట్రైలర్ ఒక చెట్టుకు ఆనుకుని ఆగింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

అప్పటి నుంచి మా వరస మారలేదు. ముందు పక్కవాటు చూసుకుంటాం. కుడి ఎడమలు సమం కాకపోతే, హుక్కు విప్పకుండానే పల్లంగా ఉన్న చక్రాన్ని చెక్కల మీదికి ఎక్కిస్తాం. తర్వాత రెండు చక్రాలకూ ముందూ వెనకా దిమ్మెలు. అవి పెట్టానని నేను పైకి చెప్పాలి, ఇంకొకరు వంగి చూడాలి. అప్పుడే గొలుసు, వైరు, హుక్కు. ముందు వెనకల సమం ముక్కు జాకీతో. మూలల్లో కాళ్లు చివర్న దింపాలి. అవి ట్రైలర్ కదలకుండా ఉండడానికే, దాన్ని పైకెత్తడానికి కాదు. ఎత్తితే చాసిస్ వంగుతుంది.

రివర్స్ భయం ఉంటే స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి, అంతే. నేను ఖాళీ లేఅవుట్‌లో రెండు ఆదివారాలు నేర్చుకున్నాను. మీ అమ్మగారికి మెట్టు పక్కన గట్టి పట్టీ బిగించండి, మడత మెట్టు ఒక్కటి సరిపోదు.

నల్గొండ రోడ్డు

అక్కా, మీ మాట చదివినంక అమ్మేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్న. ఘాట్ విషయంలో మాత్రం నా మాట అదే. నాగార్జునసాగర్, లక్నవరం, అనంతగిరి, ఇవి చాలు మొదటి ఏడాదికి. శ్రీశైలం బస్సులో పోండి.

ఉప్పల్ పికప్

రెండు వారాలయింది, చేసింది రాస్తున్నాను. ట్యాంకును యాక్సిల్‌కి రెండడుగులు ముందుకు మార్పించాను. బ్యాటరీ, ఇన్వర్టర్ మంచం కిందికి వచ్చాయి. హిచ్ బాల్ ఒకటిన్నర అంగుళం దింపితే ట్రైలర్ సమంగా నిలబడింది. మళ్లీ అదే వే బ్రిడ్జి. ముక్కు 110, ట్రైలర్ 1,060. పది శాతం దాటింది.

నిన్న ఇంట్లోవాళ్లు లేకుండా, వాళ్ల బరువుకు పికప్‌లో ఇసుక సంచులు వేసుకుని, పొద్దున 6 గంటలకు అదే దారిలో 60 మీద వెళ్లాను. లారీలు దాటాయి, బస్సులు దాటాయి. ట్రైలర్ కొంచెం కదిలి తిన్నగా నిలబడింది. 70 దాటి పోలేదు, బ్రేకులు వచ్చేదాకా పోను. డ్రమ్ములకు ఆర్డర్ ఇచ్చాం, వచ్చే నెల బిగిస్తారు. వాటిని పరీక్షించాక సాగర్.

మెట్టు పక్కన పట్టీ బిగించేశాను అక్కా. అమ్మ రోజూ సాయంత్రం వచ్చి నాలుగుసార్లు ఎక్కి దిగుతోంది.