వీధిలో లైట్ రైల్ పనులు: ఓర్చుకోమని ఎవరికి చెబుతున్నారు?

మూలమలుపు_ఇల్లు: మా వీధిలో లైట్ రైల్, అంటే రోడ్డు మీదే నడిచే ట్రామ్ లాంటి రైలు, వేస్తున్నారు. ఇంకా ఒక్క పట్టా పడలేదు, ఇప్పటికే సగం రోడ్డు మూసేశారు. నీళ్ల పైపుకని తవ్వి పూడ్చారు, కేబుల్ కని మళ్లీ అక్కడే తవ్వారు. రేపు రైలు తిరిగితే మా మలుపులో చక్రాల కీచు ఒకటి. దీన్ని అభివృద్ధి అనాలా?

పట్టాలప్రియుడు: పైపులు ముందే జరపక తప్పదండీ. పట్టాల కింద పైపు పగిలితే రైళ్లు ఆపి కాంక్రీటు పగలగొట్టాలి. పైగా పాత వీధుల్లో మ్యాపులో ఉన్నదొకటి, తవ్వితే కనిపించేదొకటి. స్కాట్లాండ్ నగరం ఎడిన్‌బరోలో 2011కి రావాల్సిన ట్రామ్ 2014 మేలో వచ్చింది. కాంట్రాక్టరుతో పేచీలకు ఈ పైపుల తంటా తోడైంది. ఇక కీచంటారా, పట్టాకు లూబ్రికెంట్ రాసే యంత్రాలున్నాయి.

మూలమలుపు_ఇల్లు: అంటే గ్రీజు రాస్తే మాకు నిద్ర పడుతుందంటారు.

పట్టాలప్రియుడు: గ్రీజు ఒక్కటే అనలేదు. మలుపు ఎంత బిగుతుగా ఉంటే చక్రం పట్టా మీద అంత అడ్డంగా జారుతుంది, ఆ రాపిడే అరుపు. అదురు తగ్గాలంటే పట్టాలు కూర్చునే కాంక్రీటు పలక కింద రబ్బరు లాంటి పొర వేస్తారు. డిజైన్ దశలోనే అడగాలి.

దారినపోయేవాడు: ఈ రైళ్లు పైన కరెంటు తీగలు లేకుండా కూడా నడుస్తాయి తెలుసా? ఫ్రాన్స్ నగరం బోర్డోలో 2003 నుంచి కొంత దూరం నేలలోంచే కరెంటు.

మూలమలుపు_ఇల్లు: తీగల గురించి ఎవరడిగారండీ? మా అమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్లాలంటే బారికేడ్లు దాటించి వీధి చివరిదాకా నడిపించాలి. మీరు రబ్బరు పొరల పాఠం చెబుతున్నారు.

పట్టాలప్రియుడు: అమ్మగారి విషయంలో మీ బాధ నిజమే, అంబులెన్స్ కి దారి వదలకపోవడం కాంట్రాక్టరు తప్పు. కానీ రైలొచ్చాక ఇంటి ధర పెరిగితే వద్దంటారా? అప్పుడు కీచు వినబడదేమో!

మూలమలుపు_ఇల్లు: ఇల్లమ్ముకుని ఎక్కడుండమంటారు? మాటలు జాగ్రత్త.

అద్దె_ఇంటివాడు: ధర దాకా వచ్చారు కాబట్టి ఒక మాట. స్టేషన్ ఎక్కడో తెలియగానే మా ఓనర్ అద్దె పెంచుతానన్నాడు. దుమ్ము పీల్చేది నేను, రైలెక్కేది నా తర్వాత దిగే మనిషి.

పట్టాలప్రియుడు: అది అద్దె చట్టాల లోపం, రైలుది కాదు.

అద్దె_ఇంటివాడు: ఖాళీ చేసేవాడికి ఏ లోపమైతే ఏంటి సార్? స్థలం తీసుకుంటే డబ్బిస్తారు. స్థలం పోకుండా బతుకుతెరువు పోతే? సిడ్నీలో 12 కిలోమీటర్ల లైనుకి 2015లో మొదలెట్టిన పని, మొదటి రైలు 2019 డిసెంబర్లో. దారి పొడవునా షాపులవాళ్లు పరిహారం కోసం కోర్టుకెక్కారు.

మూలమలుపు_ఇల్లు: నేనూ అదే అంటున్నా. పరిహారం కోసం మా వీధి కమిటీ పిటిషన్ రాసింది, అందరూ సంతకం పెట్టండి.

అద్దె_ఇంటివాడు: మాదీ మీ వీధే. ఆ పిటిషన్ చూశాను. అందులో ‘గృహ యజమానులకు’ అనే ఉంది.

మూలమలుపు_ఇల్లు: ముందు మాకు రానివ్వండి, తర్వాత మీ సంగతి అడుగుదాం.

అద్దె_ఇంటివాడు: ‘అద్దెకుండేవాళ్లకు’ అని ఒక్క ముక్క చేర్చండి, ఇవాళే సంతకం పెడతా.

మూలమలుపు_ఇల్లు: కమిటీలో అడిగి చెబుతా.