కొర్రకొత్త, కందికొత్త: ఇక్కడ ‘కొత్త’ విశేషణమేనా?

మన్యం పండుగల్లో ఒకటైన ‘కొర్రకొత్త’ను ‘కొత్త కొర్రలు’ అని అర్థం చేసుకోవచ్చునా అని ఒక సభ్యులు అడిగారు. చేసుకోకూడదనే నా అభిప్రాయం. పాడేరు, అరకు ప్రాంతాల్లో బగతలు, కొండదొరలు మొదలైన గిరిజనులు జరుపుకొనే ఈ పండుగ పేరులో ‘కొత్త’ కొర్రలను వర్ణించడం లేదు. చేతికి వచ్చిన పంటను ముందుగా దేవతకు పెట్టి, ఆ తరువాతే ఇంటిల్లిపాదీ ఆ ఏడాదికి తొలిసారిగా రుచి చూసే ఆచారానికే అది పేరు.

ఇందుకు మాటల వరుసే సాక్ష్యం. తెలుగులో విశేషణం నామానికి ముందు నిలుస్తుంది: కొత్త బియ్యం, కొత్త కుండ, కొత్త చింతపండు. ప్రాచీన రూపమైన ‘క్రొ’ కూడా క్రొన్నెల, క్రొవ్విరి వంటి సమాసాల్లో ముందే ఉంది. ‘కొర్రకొత్త’లో ‘కొత్త’ చివరికి వచ్చింది కనుక అదే ప్రధాన పదం. అది ఏ పంట కొత్తో ‘కొర్ర’ చెబుతున్నది. కొర్రలకు బదులు కందులైతే కందికొత్త అవుతుంది. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నప్పుడూ, ‘ఊరికి వచ్చిన కొత్తలో’ అన్నప్పుడూ మనమందరం ఈ మాటను నామంగానే వాడుతున్నాము. అయితే అది ఒక క్రతువుకు పేరు కావడం మన్యపు వాడుకలోని విశేషం.

అరకు లోయ పక్క ఒక పల్లెలో, చలికాలపు సాయంత్రం, నెగడులో కాల్చిన పచ్చి కందికాయలు నాకు పెట్టిన ముసలమ్మ తాను మాత్రం ఒక్క గింజైనా ముట్టలేదు. ఎందుకని అడిగితే, “మాకింకా కొత్త అవలేదు బాబూ” అన్నది. ‘పెళ్లి అవలేదు’, ‘జాతర అవలేదు’ అన్నట్టే ‘కొత్త అవలేదు’. అది ఎప్పుడు కావాలో దిసారి, అంటే ముహూర్తాలు పెట్టే గిరిజన పూజారి, చూసి చెబుతాడు.

పశ్చిమ ఒడిశాలో భాద్రపద శుద్ధ పంచమినాడు జరిగే ‘నువాఖాయి’లో ‘నువా’ అంటే కొత్త, ‘ఖాయి’ అంటే తినడం. అక్కడ తినడమన్న క్రియ పేరులోనే వినిపిస్తుంది. ఇక్కడ ఆ క్రియను సైతం ‘కొత్త’ ఒక్కటే మోస్తున్నది. కోయవారు విత్తనాల పండుగను ‘విజ్జ పండుం’ అంటారు, అంటే పండుగ అన్న మాటను విడిగా చేరుస్తారు. కందికొత్తకు ఆ అవసరం కూడా లేదు. పత్రికలవారు ‘కందికొత్త పండుగ’ అని రాయడం తప్పని అనను గాని, అది కొంత ‘గేటు తలుపు’ వంటిదే.

ఈ పేర్లను ‘నవాన్నం’ అని సంస్కృతీకరించడం మాత్రం నాకు నచ్చదు. తొలి ఫలం నియమం అన్నానికే పరిమితం కాదు. తెలుగే మాతృభాషగా గల కొండరెడ్లకు మామిడి పండుగ ఉన్నది, చిక్కుడు పండుగ ఉన్నది. మామిడికాయను అన్నమని ఎలా అంటాము?

ఇక, శ్రీకాకుళంవారి ‘కొత్తామాస’ కూడా ఇలాంటిదేనా అన్న రెండవ ప్రశ్నకు: కాదు. ఉగాది ముందరి ఆ అమావాస్య పేరులో ‘కొత్త’ మొదట ఉన్నది, కాబట్టి అది మామూలు విశేషణమే.