వారంటీ ఉన్న కారుకి బయట షాపులో ఆయిల్ మార్పించొచ్చా?

గుణుపురం కుర్రాడు:
మాది బీఎస్6 డీజిల్ కారు. ఫ్రీ సర్వీసులు అయిపోయాయి, వారంటీ ఇంకా ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పోవాలంటే విజయనగరం దాకా దిగాలి. మా బజార్లో మెకానిక్ 15డబ్ల్యూ-40 ఆయిల్ పోసేస్తానంటున్నాడు. ఇంట్లో వాళ్ళు వారంటీ పోతుందని ఒకటే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

పాతపట్నం రోడ్డు:
షోరూమ్‌కే వెళ్ళు తమ్ముడూ. రేపు టర్బోకి ఏమైనా అయితే వాళ్ళు ముందు తీసేది సర్వీస్ హిస్టరీ. అందులో ఒక్క సర్వీస్ లేకపోయినా సంజాయిషీ నువ్వే చెప్పుకోవాలి.

పర్లాకిమిడి గ్యారేజ్:
బయట మెకానిక్‌లందరూ బండి పాడుచేస్తారన్నట్టు మాట్లాడకండి. ఇక్కడి జీపులన్నిటికీ 15డబ్ల్యూ-40 పోస్తున్నాం, ఘాట్ రోడ్లమీద హాయిగా తిరుగుతున్నాయి. మన ఎండలకి పల్చటి ఆయిల్ నిలవదు.

రాయగడ రైడర్:
గ్యారేజ్ అన్నా, పాత జీపులకి మీ మాట నిజమే. ఈ కారు సంగతి వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లకి పొగ బయటికి పోయే దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో పట్టిన మసి వేడికి కాలిపోతుంది. ఆయిల్‌లోని అడిటివ్‌ల వల్ల మిగిలే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే వీటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) గ్రేడ్ సీ2 అనో సీ3 అనో ఉంటుంది. ఏది పొయ్యాలో కారు బుక్కులో రాసి ఉంటుంది. పాతరకం డీజిల్ ఆయిల్ పోసి ఫిల్టర్ మూసుకుపోతే కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది, అప్పుడు మనం అడగలేం.

ఎండ మాటకొస్తే, డబ్ల్యూ ముందు అంకె చలిలో స్టార్టింగ్‌కి, వెనక అంకె 100 డిగ్రీల దగ్గర చిక్కదనానికి. ఇంజన్ వేడెక్కాక లోపల ఆయిల్ ఎటూ ఆ వేడికి దగ్గర్లోనే ఉంటుంది, బయట మే నెల ఎండైనా సిమిలిగూడ చలైనా.

అలాగని షోరూమ్ తప్ప దిక్కు లేదంటే నేను ఒప్పుకోను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఆర్డర్‌లో, బయట పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చెయ్యకూడదని చెప్పింది. బయట చేసిన తప్పుడు పని వల్ల ఎంత నష్టం జరిగిందో అంతవరకే కాదనాలి.

పాతపట్నం రోడ్డు:
దానిమీద కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి కదా. బుక్కుల్లో ఇప్పటికీ ఆథరైజ్డ్ వర్క్‌షాప్ అనే రాస్తున్నారు. కేసులు పెట్టుకు తిరిగే ఓపిక ఎవరికుంది?

రాయగడ రైడర్:
అందుకే కాగితం గట్టిగా ఉండాలి. షెడ్యూల్ సర్వీస్ వాళ్ళ దగ్గర చేయించుకోగలిగితే అదే నయం. కుదరకపోతే సీలున్న డబ్బా కొని, నీ ఎదురుగానే తీయించు. జీఎస్టీ బిల్లు మీద ఆయిల్ పేరు, గ్రేడ్, ఫిల్టర్, బండి నంబరు, ఆ రోజు కిలోమీటర్లు రాయించు. డబ్బా వెనక వైపు ఫోటో తీసి పెట్టుకో. ఆ తర్వాత కంపెనీ అడ్డం తిరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్ళొచ్చు.

పర్లాకిమిడి గ్యారేజ్:
సీ3 ఆయిల్ అయితే చెప్పి తెప్పించాలి, ధర కూడా ఎక్కువే. బిల్లు ఇస్తాను బాబూ, అడిగేవాళ్ళే లేరు.

గుణుపురం కుర్రాడు:
బుక్కు చూశాను. 5డబ్ల్యూ-30, ఏసీఈఏ సీ3 అని ఉంది. ఇంకోటి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి ఉంది. నేనేమీ పొయ్యలేదు.

రాయగడ రైడర్:
నువ్వు ఊళ్ళోనే ఎక్కువ తిప్పుతావా? డీపీఎఫ్‌లో మసి కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ కొడుతుంది. అది పూర్తికాకుండానే బండి ఆపేస్తుంటే ఆ డీజిల్ కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది, మట్టం పెరుగుతుంది. ఆ ఆయిల్ వాసన చూడు. డీజిల్ వాసన కొట్టినా కొట్టకపోయినా బయట మార్పించకు. ఆయిల్ తీసెయ్యకుండా ముందు సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చెయ్యి, బండి నడిపి తేవాలో లేదో వాళ్ళనే చెప్పమను. ఆ మట్టం ఎంతుందో జాబ్ కార్డులో రాయించుకో.

గుణుపురం కుర్రాడు:
సరే అన్నా, పొద్దున్నే ఫోన్ చేస్తాను.