డల్లాస్‌లో ఇల్లు ఖాళీగా ఉంది, మంగళవారం నుంచి గడ్డకట్టే చలి అంటున్నారు. పైపుల సంగతి కాస్త చెప్పండి

పటమట_అమ్మాయి:

నమస్తే అండి. మా ఇల్లు డల్లాస్ దగ్గర ప్లేనోలో. నాన్నకి మోకాలి ఆపరేషన్ అనేసరికి డిసెంబరు చివర్లో ఉన్నపళంగా విజయవాడ వచ్చేశాం. పటమటలో అమ్మావాళ్ళింట్లో ఉన్నాం, నాన్న నడక చూస్తుంటే ఇంకో నెల వరకూ కదిలేలా లేము. ఇంట్లో ఎవరూ ఉండరు కదా, గ్యాసు దండగ అని వచ్చేటప్పుడు ఇల్లు వేడిచేసే హీటర్ పూర్తిగా కట్టేసి వచ్చాను. ఇప్పుడు ఫోన్లో చూస్తే మంగళవారం రాత్రికి అక్కడ మైనస్ 10 సెల్సియస్, మూడు రోజుల పాటు పగలు కూడా సున్నా దాటదట. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ ఇల్లు కిందటి వేసవిలోనే కొన్నాం, అందులో ఇదే మాకు మొదటి చలికాలం.

తాళం ఒక ఫ్రెండు దగ్గర ఉంది. ఫోన్ చేస్తే వెళ్తుంది కానీ తనకీ ఇవేమీ తెలియవు, పైగా చంటిపిల్లలు, ఊరికే తిప్పలేను. ఒక్కసారి వెళ్తే ఏమేం చేయించాలి? పైపులకి గుడ్డలు చుట్టమని ఒకరు, కుళాయిలు సన్నగా వదిలేయమని ఇంకొకరు చెప్తున్నారు. అమ్మేమో "గడ్డకడితే మళ్ళీ కరుగుతాయి కదే, నీళ్ళకి ఇంత టెన్షన్ ఎందుకు" అంటోంది. ఆవిడకి ఏం చెప్పాలో కూడా తెలియట్లేదు.

బ్రాడీపేట_4వలైను:

అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు హీటర్ వేయించు. మంగళవారం దాకా ఆగొద్దు. గోడలు, అటిక్ (పైకప్పు కింద ఉండే ఖాళీ చోటు) చల్లబడిపోయాక వేస్తే మళ్ళీ వేడెక్కడానికి చాలా టైము పడుతుంది. 55 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 13 డిగ్రీలు, అంతకంటే కిందకి ఎప్పుడూ పెట్టొద్దంటారు. నన్నడిగితే ఈ నాలుగు రోజులకీ 60 పెట్టించు, గ్యాసు బిల్లు గురించి ఆలోచించకు.

ఇప్పుడు గుంటూరొచ్చేశాను గానీ 2021 ఫిబ్రవరిలో నేను డల్లాస్ దగ్గరే ఫ్రిస్కోలో ఉన్నాను. ఆ 16వ తేదీన డల్లాస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 19 దాకా పడిపోయింది, లక్షల ఇళ్ళకి కరెంటు లేదు. మాది గ్యాసు హీటరే, అయినా గాలిని తోసే ఫ్యాను నడవాలంటే కరెంటు కావాలిగా, అదీ ఆగిపోయింది. పిల్లల్ని కార్లో కూర్చోబెట్టుకుని రాత్రి గడిపాం. కారు గ్యారేజీ బయటే ఉంచాం, లోపల ఇంజను నడిపితే ఆ పొగకే ప్రాణాలు పోతాయి. రెండు రోజుల తర్వాత ఎండొచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు మొదలైంది. పైన బెడ్‌రూము సీలింగు తడిసి ఉబ్బి మంచం మీదే కూలింది, దాని వెనకే నీళ్ళు. పైపు పగిలింది చలి రోజుల్లోనే, మంచు అడ్డంగా ఉండటంతో కారలేదు, కరిగాక కారింది. ఆ మంచు తుఫానులో టెక్సాస్‌లో చనిపోయినవాళ్ళు 246 మంది అని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క చెప్పింది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎవరడిగినా చెప్తాను.

మీ ఫ్రెండుని ఇంటి బయట గోడకున్న కుళాయికి గార్డెన్ గొట్టం తగిలించి ఉందేమో చూడమను. ఉంటే తప్పకుండా పీకేయాలి. గొట్టంలో నిలిచిన నీళ్ళు గడ్డకట్టి గోడలోపల ఉన్న పైపుని పగలగొడతాయి. చలికి తట్టుకునే రకం కుళాయి అయినా గొట్టం ఉంటే లాభం లేదు. వంటింట్లో, బాత్‌రూముల్లో సింకు కింద అలమర తలుపులు తీసి పెడితే గదిలో వేడి లోపలికి పోతుంది. ఇక కుళాయిలు సన్న ధారగా వదలడం.

గుంటూరు_మినియాపొలిస్:

అన్న చెప్పినవన్నీ సరే, కుళాయిలు వదలడం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. అది ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు చేసే పని. ఖాళీ ఇంట్లో నెల రోజులు ఎవరు చూస్తారు? పైపు ఎక్కడో పగిలితే మీరు ఫ్లైట్ దిగేదాకా నీళ్ళు పోతూనే ఉంటాయి. అమెరికా ఉత్తరాన మినియాపొలిస్‌లో 9 చలికాలాలు చూశాను, అక్కడ ఊరెళ్తే మేం చేసేది ఒక్కటే, ఇంట్లోకి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేసి పైపులు ఖాళీ చేయడం. అక్కడ చలి ఎక్కువే అయినా ఇళ్ళు చలికోసమే కట్టినవి, పైపులు బేస్‌మెంటులో వెచ్చగా ఉంటాయి. టెక్సాస్‌లో చాలా ఇళ్ళకి పైపులు అటిక్ మీదుగా పోతాయి, అందుకే అంత చలి లేకపోయినా పగులుతాయి.

మెయిన్ వాల్వ్ ఇంటి ముందు రోడ్డు వైపు నేలలో, మీటర్ పెట్టెలో ఉంటుంది. మూత తీయడానికి, తిప్పడానికి ఒక ఇనప తాళంచెవి లాంటిది కావాలి, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. చాలా ఇళ్ళకి విడిగా ఇంటి వాల్వ్ కూడా ఉంటుంది, అది ఉంటే అదే కట్టడం మేలు. కట్టేశాక పైన ఒక కుళాయి, కింద అన్నిటికంటే పల్లంలో ఉన్న కుళాయి రెండూ తీయాలి. పైనుంచి గాలి వెళ్తేనే కిందనుంచి నీళ్ళు దిగుతాయి. వేడినీళ్ళ వైపు, చన్నీళ్ళ వైపు రెండూ తీయాలి, చాలామంది వేడి వైపు మర్చిపోతారు. టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేయమనండి.

గీజర్ విషయం మాత్రం జాగ్రత్త. గ్యాసుదైతే వెకేషన్ అనే గుర్తు మీదకి తిప్పమనండి. కరెంటుదైతే బ్రేకర్ కట్టాలి, ట్యాంకులో నీళ్ళు తగ్గి కాయిల్ బయటపడితే నిమిషాల్లో కాలిపోతుంది. గోడకి తగిలించే ట్యాంకులేని రకానికి చలి నుంచి కాపాడుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది, కరెంటు పోతే అదీ పనిచేయదు కాబట్టి దాన్నీ ఖాళీ చేయించాలి. పచ్చికకి నీళ్ళు కొట్టే స్ప్రింక్లర్లు ఉంటే వాటి వాల్వ్ వేరే, నేలపైకి కనిపించే ఇత్తడి భాగం ముందు పగిలేది అదే.

ఇంకోటి, ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదవండి. ఖాళీ ఇంట్లో హీటు ఉంచలేదు, నీళ్ళూ కట్టలేదు అంటే చాలా పాలసీలు పైపు పగిలిన నష్టానికి డబ్బివ్వవు.

రిటైర్డ్_ఏఈ_గవర్నరుపేట:

అమ్మాయీ, మీ అమ్మగారికి ఇలా చెప్పు. నిండా నీళ్ళు పోసి మూత బిగించిన గాజు సీసాని ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే పొద్దునకి పగిలి ఉంటుంది కదా. నీరు మంచుగా మారితే దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఆ పెరిగినదానికి చోటు కావాలి. పైపులో అయితే మంచు ముద్దకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ళ మీద ఒత్తిడి పెరిగిపోతుంది, అక్కడ పగులుతుంది. అంటే గడ్డకట్టింది ఒకచోట, పగిలింది ఇంకోచోట అవ్వొచ్చు. కుళాయి సన్నగా వదలమనేది ఆ ఒత్తిడి బయటికి పోవడానికి.

గుడ్డలు, ఫోమ్ తొడుగులు వేడి పుట్టించవు, ఉన్న వేడిని కొంతసేపు పోనివ్వవు, హాట్‌బాక్సులో అన్నం లాగా. ఒక రాత్రి చలికి అవి చాలు. మూడు రోజులు, లోపల హీటు లేదు అంటే చాలవు. ఇన్సులేషన్ లేని అటిక్‌లో పైపులు మైనస్ 7 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుందని ఇల్లినాయ్ యూనివర్సిటీవాళ్ళు పరీక్షించి చెప్పారు. మీకు మైనస్ 10 అంటున్నారు. 18 డిగ్రీలకే బీరువాలోంచి స్వెటరు బయటికి తీసే విజయవాడలో కూర్చుని అది ఊహించడం మనకి కష్టమే.

పటమట_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మాకు రాత్రి పదిన్నర, అక్కడ పొద్దున పదకొండు, వీడియో కాల్ పెట్టుకుని ఫ్రెండు మొత్తం చేసింది. లోపల 7 డిగ్రీలే ఉంది. గార్డెన్ గొట్టం తగిలించే ఉంది, నేనే మర్చిపోయాను. మీటర్ పెట్టె మీద ఆకులు, మట్టి కప్పేసి ఉంటే వెతకడానికే అరగంట పట్టింది, పాపం చేతులు కొంకర్లు పోయాయి తనకి. మెయిన్ కట్టి, పైనా కిందా కుళాయిలు తీసి, గీజర్ వెకేషన్‌లో పెట్టి, హీటర్ 60కి వేసింది. అమ్మకి సీసా సంగతి చెప్పాను, వెంటనే అర్థమైంది.

తిరిగి వెళ్ళాక నీళ్ళు ఎలా వదలాలి?

గుంటూరు_మినియాపొలిస్:

కుళాయిలన్నీ కట్టేసి ఒక్కటి మాత్రం తీసి ఉంచండి. మెయిన్ ఒక్కసారిగా తిప్పేయకుండా కొద్దికొద్దిగా తీయండి. గాలి బుసబుసమంటూ పోయి ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి. ఆ సమయంలో ఒకరు వాల్వ్ దగ్గర, ఒకరు ఇంట్లో సీలింగులు, సింకుల కింద చూస్తూ ఉండాలి, తడి కనిపిస్తే వెంటనే కట్టేయాలి. వేడినీళ్ళ కుళాయిలో కూడా ధార వచ్చాకే గీజర్ వేయండి. ఏదైనా కుళాయిలో రాకపోతే ఇంకా గడ్డ ఉన్నట్టు. ఆ కుళాయి తీసే ఉంచి, హెయిర్ డ్రయర్‌తో కుళాయి వైపు నుంచి వెనక్కి నెమ్మదిగా వేడి చేసుకుంటూ వెళ్ళండి. మంట మాత్రం దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

బ్రాడీపేట_4వలైను:

చలి తగ్గాక ఒక్కసారి మీ ఫ్రెండుని లోపలికెళ్ళి సీలింగులు చూసి రమ్మను అమ్మా. నాన్నగారికి త్వరగా తగ్గాలి.