‘దిగాను’ అనాలా, ‘వెళ్లాను’ అనాలా? ప్లేటో మొదటి మాట

గ్రీకు తత్వవేత్త ప్లేటో తన గురువు సోక్రటీస్ నోట చెప్పించిన ‘రిపబ్లిక్’ను తెలుగు చేసుకుంటూ మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. గ్రీకులో అది ఒకే ఒక్క క్రియ: ‘కతేబేన్’. ‘కిందికి దిగాను’ అని అర్థం. నిన్న గ్లౌకన్‌తో (ప్లేటో అన్న) కలిసి ఏథెన్స్ నుంచి పిరేయస్ రేవుకు దిగానని, అక్కడ బెండిస్ దేవత జాతర చూశానని సోక్రటీస్ చెబుతున్నాడు. ఊరు ఎత్తున ఉంది, రేవు సముద్రం ఒడ్డున ఉంది. ‘వెళ్లాను’ అన్నా పని జరిగిపోతుంది. కానీ అలా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

హోమర్ కావ్యం ఒడిస్సీ 23వ సర్గలో, ఇల్లు చేరిన ఒడీసియస్ భార్యతో ‘నేను హేడీస్ ఇంట్లోకి దిగిన రోజున’ అంటాడు. హేడీస్ అంటే చచ్చినవాళ్ల దేవుడు, ఆ లోకానికీ అదే పేరు. అక్కడా ఇదే ‘కతేబేన్’. హోమర్ నోటికొచ్చిన గ్రీకు పాఠకుడికి ఈ మాట వినగానే చచ్చినవాళ్ల లోకం తలపుకు రాదా? ఇక ‘రిపబ్లిక్’ 7వ పుస్తకంలో గుహ కథ. గుహలో సంకెళ్లతో ఉన్నవాళ్లు గోడ మీది నీడల్నే నిజమనుకుంటారు, ఒకడు బయటపడి వెలుగు చూస్తాడు; ఆ గుహ మనం బతికే లోకానికి పోలిక. వెలుగు చూసినవాడు మళ్లీ ఆ చీకట్లోకి, సంకెళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి రావాలంటూ సోక్రటీస్ ‘కతబతేఒన్’ అంటాడు. తెలుగులో ‘దిగాల్సిందే’. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. మొదట్లో ‘వెళ్లాను’ అని రాస్తే ఈ దారం తెగిపోతుంది. మీరేమంటారు?

వ్యాఖ్య: ‘దిగాను’ అంటే మనకు బస్సు దిగడం గుర్తొస్తుందేమోనండీ. ఈ దిగడాన్నే గ్రీకులు ‘కతబసిస్’ అంటారు కదా, ‘పాతాళ యాత్ర’ అని ఒక ఫుట్‌నోట్ పెడితే?

జవాబు: బస్సు గుర్తొచ్చినా ఫర్వాలేదండీ, సోక్రటీస్ కూడా మామూలు ప్రయాణంలాగే మొదలుపెడతాడు. ‘పాతాళం’ మాత్రం వద్దు. మనకది నాగులు, బలి చక్రవర్తి ఉండే చోటు. ‘నరకం’ అంటే శిక్షే. హోమర్ హేడీస్‌లో దాదాపు అందరూ ఒకేలా, నీడల్లా ఉంటారు. అక్కడ, చచ్చిపోయిన ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్ అంటాడు: చచ్చినవాళ్లందరికీ రాజుగా ఉండేకన్నా భూమ్మీద ఒక పేదవాడి దగ్గర కూలికి ఉండడం నయమని. చావంటే భయం పుట్టిస్తుందని ప్లేటో 3వ పుస్తకంలో ఈ పద్యాన్ని కొట్టెయ్యమంటాడు. 7వ పుస్తకంలో మళ్లీ తనే గుర్తు చేస్తాడు, గుహలోంచి బయటపడ్డవాడు మళ్లీ అలా బతకడం కన్నా ఏ కష్టమైనా నయమనుకుంటాడని చెప్పడానికి. అంటే మనం బతుకుతున్న ఈ చోటే హేడీస్! ఇది మొదటిసారి తట్టినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వ్యాఖ్య: నా ఓటు ‘దిగాను’కే. కానీ మన క్రియ వాక్యం చివరికి పోతుంది, మాస్టారూ. ప్లేటో పోయాక దొరికిన పలక మీద ‘రిపబ్లిక్’ మొదటి వాక్యంలోని మాటల్నే రకరకాల వరుసల్లో మార్చి రాసి ఉందని ప్రాచీనులు చెప్పుకునేవారు. ఆయన అంత పట్టించుకున్న వరుసను మనం వదిలేస్తే ఎలా?

జవాబు: నిజమే. ‘దిగాను నిన్న పిరేయస్‌కు, అరిస్టన్ కొడుకు గ్లౌకన్‌తో కలిసి.’ పైకి చదివి చూశాను, నిలబడింది. కొద్ది వాక్యాల తర్వాత సోక్రటీస్ తిరుగుముఖం పడితే, ఒక కుర్రాడు వెనక నుంచి పైబట్ట పట్టుకుని ఆపుతాడు. అక్కడ ‘పైకి బయల్దేరాం’ అని రాయాలని మనసు లాగింది. గ్రీకులో ‘ఊరివైపు’ అనే ఉంది, అలాగే ఉంచాను. ‘పై దారి’ అన్న మాట పుస్తకం చివరి వాక్యంలో వస్తుంది. దాన్ని అక్కడికే దాచిపెడతాను.